నాలుగు పూతల విమానం

మా ఊరి చిట్టెమ్మ ఫోన్ చేసి చెప్పిందట. మా ఆవిడ నాకు వడ్డిస్తూ చెప్పింది. వరాలక్క చేతికి మగచెయ్యి పట్టిందట.

"అదేం మాట?" అన్నాను.

"నా మాట కాదు, చిట్టెమ్మ మాట. మీ అక్క చింతపండు నానబెట్టే ముందు గిన్నెని గోటితో మూడుసార్లు కొట్టి చెవి దగ్గర పెట్టుకుని వింటోందట. కొంగున దారప్పోగు కనబడితే చాలు, చిటికెనవేలికి రెండు చుట్లు చుట్టేస్తోందట. కూరలో ఉప్పు వెయ్యాలంటే ఊపిరి బిగబట్టి పలుకు పలుకూ ఏరి వేస్తోందట. గాలి సోకిందని కొందరు, బుర్ర తిరిగిందని కొందరు. చిట్టెమ్మ మాత్రం, మొగుడు పోయిన పన్నెండేళ్లకి కొత్త చెయ్యి పట్టుకుందేమో అంది." చెప్పి మా ఆవిడ నవ్వింది.

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. గోటితో మూడుసార్లు కొట్టి వినేది గుంతకల్లులో డేవిడ్ రాజు. దారం చిటికెనవేలికి చుట్టుకునేది నర్సాపురంలో మేరీరత్నం. చిన్న పనికి ఊపిరి బిగబట్టేది ఆదోనిలో ఖాజా సాయిబు. ఈ ముగ్గురిలో ఒక్కరి మొహమూ అక్క ఏనాడూ చూడలేదు. డేవిడ్ రాజైతే పోయి నాలుగు నెలలు దాటింది.

చెయ్యి కడుక్కుని మొదటి బస్సెక్కాను.

*

మాది లక్కబొమ్మల ఊరు. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ దాని మీద లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. పైన మొగలాకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి ఒక జన్మ చాలదనేవాడు మా నాన్న. ఆయన చెయ్యి ఆయనతోనే కాటికి వెళ్లింది. నేను చదువు వెనక పడి కెమిస్ట్రీ లెక్చరర్నయ్యాను. ఆయన పనిలో సగం పైచిలుకు పట్టుకున్నది అక్క. చిన్నప్పుడు పీట కింద పడి ఆమె కుడి బొటనవేలి గోరు వంకర తిరిగింది. ఆ వంకరే ఆమెకి వరం. లక్క కడ్డీని ఏటవాలుగా పట్టి తన వైపు లాగేది. పసుపులోంచి ఎరుపులోకి రంగు ఎక్కడ మారిందో భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. ఆ పని చుట్టుపక్కల పది ఊళ్లలో ఇంకో చేతికి రాలేదు.

ఈ చేతులు మట్టిలో కలిసిపోకుండా దాచడమెలాగని నేను ఇరవై ఏళ్లు ఆలోచించాను. కాలేజీ ల్యాబులో లక్కకి చిల్లగింజల బంకా, ఇనప ఉప్పూ, ఇంకో రెండు మూడు వస్తువులూ కలిపి చూస్తుండేవాణ్ని. నేను వెతికింది పగలని లక్క కోసం. దొరికింది వేరు.

ఆ లక్కతో అక్క చేత పది బొంగరాలకి రంగు వేయించాను. మా అటెండర్ సత్యం వాటిని ఎండలో కూర్చుని అరగంటసేపు ఒక్కొక్కటీ తుడిచి అట్టపెట్టెలో సర్దాడు. సత్యం సంగతి కాలేజీ మొత్తానికి తెలుసు. పంతొమ్మిదేళ్ల సర్వీసులో ఒలకబోయకుండా ఒక్క సీసా నింపిన పాపాన పోలేదు. మర్నాడు ఆ సత్యం ఆసిడ్ చుక్క చుక్కగా, పూసలు గుచ్చినట్టు వంచాడు. నేను చూసింది ఆసిడ్‌ని కాదు. వాడి బొటనవేలు సీసా మీద ఏటవాలుగా ఉంది. వాడి గోరు చక్కగానే ఉంది.

"ఏరా, వేలు అలా పెట్టావేం?"

"ఏమో సార్, అదే వెళ్లి అలా కూర్చుంది. బాగానే ఉంది."

ఎనిమిది రోజుల్లో పోయింది. తొమ్మిదో రోజు మళ్లీ బల్లంతా ఒలకబోశాడు.

సంగతి ఇది. వేడి లక్క వేలి కింద చల్లారేటప్పుడు ఆ వేలి సన్నటి వణుకులు, బిగింపులు, నిలకడలు దానిలో ముద్ర పడిపోతాయి. మరొకరి ఒంటివేడి తగిలితే ఆ ముద్ర వాళ్ల వేలికి ఎక్కుతుంది. ఒక పూతైతే వారం పైన ఒక రోజుకి ఆవిరి. నేను పొంగిపోయాను. పది బొంగరాల మీది లక్కా గీకి, పొడి చేసి, మైక్రోస్కోపు కింద పెట్టి, పరిశోధనా వ్యాసం రాసుకున్నాను. ఒక్క బొంగరమైనా దాచాలని తట్టలేదు. బొంగరాలకేం కరువు, అక్క ఉంది కదా అనుకున్నాను.

*

ఇక విమానం. పాతికేళ్ల కిందట ఒక పత్రికలో ఉత్తరాల పేజీ వల్ల కలిశాం మేం. విమానాల నమూనాలు చేసే పిచ్చి ఉన్నవాళ్లం. ముగ్గురి ఊళ్లకీ వెళ్లి వాళ్ల పని దగ్గర కూర్చుని చూసింది మాత్రం నేనొక్కణ్నే. డేవిడ్ రాజు ఎయిర్‌ఫోర్సులో విమానాల ఒళ్లు బాగుచేసి రిటైరైనవాడు, మా నమూనాల ఒళ్లు చెక్కేది ఆయనే. ఖాజా సాయిబుకి వాచీ రిపేరు కొట్టు. మేరీరత్నం లేసు అల్లే మనిషి, రెక్కల మీద సిల్కుగుడ్డ చర్మంలా పరచడంలో ఆమె తరవాతే ఎవరైనా. కొలతలు, బొమ్మలు గీసేది నేను. ఒకరు తమ వంతు చేసి పెట్టెలో పెట్టి రిజిస్టర్డ్ పార్సిల్లో తరవాతివాళ్లకి పంపాలి. పెట్టెతో పాటు ఒక నోటుబుక్కు తిరుగుతుంది. చెప్పుకోవలసిందంతా అందులోనే. సెల్‌ఫోన్లొచ్చాక కూడా ఆ కట్టుబాటు తప్పలేదు. అలా పదకొండు విమానాలు చేశాం. పన్నెండోది డకోటా, అసలుదానికి నలభై ఎనిమిదో వంతు. డేవిడ్ రాజు ఉద్యోగం మొదలెట్టిన విమానం. మోకాళ్లు సహకరించడం లేదు, నా చివరిది ఇదే అని రాశాడాయన. అయితే ఈసారి రంగు మా అక్క వేస్తుందని నేను రాశాను. అందరూ సంతోషించారు.

నాలుగు చిన్న డబ్బాల్లో నా లక్క పోసి పెట్టెలో పెట్టాను. "పగలని కొత్త లక్క. మీ పని అయ్యాక వెచ్చజేసి బొటనవేలితో ఒక పూత వెయ్యండి. ముందువారి పూత ఉంటే ఆకురాయితో తీసేసి మీది వెయ్యండి" అని నోటుబుక్కులో రాశాను. అది చేతిని పట్టుకునే లక్క అని, ఒకరి చెయ్యి ఇంకొకరికి ఎలా ఎక్కుతుందో చూస్తున్నానని రాయలేదు.

చెబితే చేతులు సహజంగా కదలవని నా ల్యాబు పుస్తకంలో కారణం రాసుకున్నాను. అది నిజం కాదు. చెబితే వద్దంటారేమోనని.

*

నేను వెళ్లేసరికి అక్క లేత్ ముందు కూర్చుని ఉంది. మిషను ఆపి ఉంది. ఒళ్లో సగం రంగు వేసిన కుంకుమభరిణె.

"ఏట్రా జోగులూ, సెలవు కాదు కదా?"

"చెయ్యి చూపించక్కా."

"నీకు సూపించడానికి నువ్వేటైనా డాక్టరువా? డాక్టరువే అనుకో, బంక డాక్టరువి." ఆమె నవ్వి భరిణె చేతిలో పెట్టింది. పసుపు, దాని పక్కన గీత గీసినట్టు ఎరుపు. మెట్లు మెట్లుగా ఉంది. కొత్తగా పనిలో చేరినవాళ్లు చేసే పని.

"నెల్లాళ్ల బట్టీ ఇంతేరా. కడ్డీ నా కేసి లాగుదామంటే సెయ్యి అటు తోస్తాది. ఏటవాలుగా పడదామంటే నిలువుగా నిలబడిపోద్ది. ఎవురో నా భుజం ఎనకాల కూకుని పని సేత్తన్నట్టుంటాది." ఆమె గొంతు తగ్గించింది. "నవ్వకు. ముగ్గురున్నారు. ఒకాయన నిదానం మనిషి, దేన్నీ నమ్మడు, కొట్టి ఇన్నాకే నమ్ముతాడు. ఇంకొకాయనకి దూరం సూపు ఆనదు, అన్నీ కంటి కాడికి తెచ్చుకుంటాడు. ఆ ఆడమనిషి మాత్రం ఎప్పుడూ తొందరే. తిండి కూడా నిలబడి తింటాదనుకుంటాను. ఎవుర్రా ఈళ్లు?"

చెప్పాను. బొంగరాలు, సత్యం వేలు, డబ్బాలు, అన్నీ చెప్పాను. విన్నంతసేపూ ఆమె కొంగు దారం లాగి చిటికెనవేలికి చుడుతూనే ఉంది. రెండు చుట్లు. విప్పి, మళ్లీ రెండు చుట్లు.

"ఆళ్లకి తెలుసా?"

"తెలీదు."

"సచ్చిపోయినాయనకి?"

నేను నోటుబుక్కు కోసం చుట్టూ చూశాను.

"గీకి పుయ్యమని రాశాను కదక్కా," అన్నాను. "ఒక్క పూతైతే ఎనిమిది రోజుల్లో పోయేది. మూడు పూతలు ఒకదాని మీద ఒకటి పడితే పోదని నాకూ తెలీదు. గీకి ఉంటే ఇంత జరిగేది కాదు."

అక్క లోపలికి వెళ్లి నోటుబుక్కు తెచ్చి నా ముందు పడేసింది. డేవిడ్ రాజు పేజీ తరవాత ఖాజా సాయిబు రాశాడు: 'రాజుగారి పని మీద ఆకురాయి పెట్టడానికి నాకు మనసొప్పలేదు. తప్పైతే మన్నించాలి. ప్రొపెల్లర్లు, చక్రాలు బిగించి, పైనే పూత వేశాను.' దాని కింద మేరీరత్నం: 'నేనూ గీకలేదండీ. చూస్తే గీకొద్దని మీరే అంటారు.'

"నేను మాత్రం గీకుతానేట్రా? నాన్న గీకీవోడా? ఒకరు సేసిన పని మీద ఇంకొకరు ఆకురాయి పెడతారా?"

మా ఇంట్లో ఆ మాట నేను నడక నేర్చినప్పటి నుంచీ విన్నదే. పాడైన బొమ్మ బాగుచెయ్యమని తెస్తే, ఎవరు చేశారో వాళ్ల దగ్గరికే పొమ్మనేవాడు నాన్న. చేతిపని చేసేవాళ్లు నలుగురికి పార్సిలు పంపుతూ, గీకుతారని అనుకున్నాను నేను. కాలేజీలో గాజు సీసాలు కడిగించి కడిగించి, ఒకరి పని తుడిచెయ్యడం నాకు పెద్ద విషయంలా తోచడం మానేసింది.

అక్క డకోటాని తెచ్చి బల్ల మీద పెట్టింది. మూరన్నర రెక్కలు. అంత అందమైనదాన్ని మేం ఎప్పుడూ చెయ్యలేదు. ముక్కు దగ్గర ఆకాశం రంగు తెలుపులోకి మంచు కరిగినట్టు జారిపోయింది. రెక్కల దాకా వచ్చేసరికి కొంచెం తడబడింది. తోక దగ్గర రెండు రంగులూ వాటాలు పంచుకున్న అన్నదమ్ముల్లా ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి. పన్నెండు రోజులు పట్టింది ఆమెకి ఆ పూత. చెయ్యి ఏ రోజు ఎంత పోయిందో దాని ఒంటి మీదే ఉంది.

*

నేను ల్యాబుకి వచ్చి పడ్డాను. చెక్కముక్కల మీద నాలుగేసి పూతలు వేయించి, కింద కర్రని, దాని పైన మూడు పూతల్నీ వేడి తీగెతో లోపలివైపు నుంచి తొలిచాను. పైపొర ఒక్కటే ఉల్లిపొట్టులా మిగలాలి. పది ముక్కల్లో ఏడు మిగిలాయి. ఆ పొరని సత్యం బొటనవేలికి చుట్టి గుడ్డ కట్టాం. పైపూత వేసినవాడి చెయ్యి ఒక్కటే ఎక్కింది, దానికి ముందెక్కినవి దిగిపోయాయి.

"సార్, ఇక నా చేతులు నాకు వదిలేస్తారా?" అన్నాడు సత్యం. "మొన్న మా ఆవిడకి జడేశాను. ఎక్కడ నేర్చావని నిలదీసింది. ఏం చెప్పను?"

డకోటా ముక్కు భాగం అక్క మొదటి రెండ్రోజుల్లో పూసింది. అప్పటికి చెయ్యి ఇంకా ఆమెదే. దాన్ని కోసి తొలిస్తే అక్క చెయ్యి అక్కకి వస్తుంది. లోకంలో ఆమె చెయ్యి మిగిలి ఉన్నది ఆ జానెడు మేరలోనే.

ఈ మాట చెప్పడానికి ఊరికి వెళ్లిన రోజునే గుంతకల్లు నుంచి సువార్తమ్మ వచ్చింది. డేవిడ్ రాజు భార్య. విమానం పూర్తయితే రాజుగారింటికే చేరాలని ఆయన పోయినప్పుడే నోటుబుక్కులో అందరం రాసుకున్నాం. పూర్తయిందని ఖాజా సాయిబు కబురు పెట్టాడట. రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చింది, అరవై దాటిన మనిషి, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి.

అక్క కాఫీ కలిపింది. స్టీలు గ్లాసు ఇవ్వబోతూ, అలవాటుగా దాని అంచుని గోటితో మూడుసార్లు కొట్టి వింది.

సువార్తమ్మ గ్లాసు అందుకోలేదు. అక్క గోరు వైపే చూసింది.

"యాలమ్మా, గ్లాసు అట్ల కొట్నావు?"

అక్క నా వైపు చూసింది. చెప్పక తప్పలేదు. నా నోటితో ఆ కథ రెండోసారి చెప్పాను. ఈసారి ఇంకా చిన్నగా, ఇంకా తొందరగా. సువార్తమ్మకి ఎంత అర్థమైందో తెలియదు. చివరికి ఆమె అడిగింది ఒక్కటే.

"అయితే ఆ చెయ్యి మా ఆయనదా?"

"కొంచెం," అంది అక్క.

"ముప్పై ఎనిమిదేండ్లు పొద్దున్నే ఆ చప్పుడుకే లేచేదాన్ని. గ్లాసు కొట్టి చూసేది, కిటికీ కొట్టి చూసేది. ఒకసారి చిలకడదుంప కూడా కొట్టి చూసినాడు. యాష్టపడి తిడతాంటి." ఆమె ఆగింది. "ఒక్క తూరి పట్టుకుందునా తల్లీ?"

అక్క చెయ్యి చాచింది. సువార్తమ్మ దాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుంది. వాళ్ల కాఫీ చల్లారిపోయింది. నేను తాగాను, నాదీ చల్లారింది.

తరవాత అక్కకీ, సువార్తమ్మకీ ఉన్న విషయం చెప్పాను. విమానం ముక్కు కొయ్యాలి, ఒక వారం ఆగాలి, తిరిగి అతికించి ఇవ్వగలనో లేదో చెప్పలేను.

"కోసుకోండి సార్," అంది ఆమె వెంటనే. "పోయినోని వస్తువు కంటే బతికున్న మనిషి చెయ్యి ముఖ్యం గదా. నేను ఉత్త చేతుల్తో పోతే ఏమైతాది? దీన్ని చూసుకున్న్యా, చాలు."

అక్క గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది. ఆమెకి అర్థమైందనుకున్నాను. వేడి తీగె పరికరాన్నీ సత్యాన్నీ తీసుకురావడానికి మా కాలేజీ ఉన్న అనకాపల్లి బయల్దేరాను. రేపు మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానన్నాను. సువార్తమ్మ ఆ పూటకి అక్క దగ్గరే ఉండిపోయింది.

*

మర్నాడు నేనూ సత్యం బస్సు దిగి వీధి మలుపు తిరిగేసరికి అక్క ఇంటి ముందు ఆటో ఉంది. ఇంజను ఆడుతోంది. లోపల సువార్తమ్మ. ఆమె ఒళ్లో మా పెట్టె. కొబ్బరితాడుతో కట్టి ఉంది. ముడి ముడికీ రెండేసి చుట్లు.

"నేను వద్దనే అంటి సార్," అంది సువార్తమ్మ నన్ను చూస్తూనే. "పొద్దుట్నుంచీ పోరినాను. వినలా."

అక్క అరుగు మీద నిలబడి ఉంది. పరికరం పట్టుకున్న సత్యాన్ని చూసి, "కూకో సత్యం, మజ్జిగిస్తాను," అంది.

"అక్కా, ఏంటిది?"

"పెట్టె. ఆవిడది ఆవిడకిచ్చాను."

"నిన్న చెప్పాను కదక్కా. నీ చెయ్యి ఇక ఎక్కడా లేదు. అందులోనే ఉంది. అది వెళ్లిపోతే నేనేం చెయ్యలేను."

"సెప్పావు. ఇన్నాను. ముక్కు కోసి, కిందున్న ఆ ముగ్గురి పనీ తొలిసేసి, పైనున్న నాది మాత్రం ఊడదీసి నాకిత్తావు. ఆ ముక్కు సెక్కినాయన మళ్లీ పుట్టి సెక్కుతాడా? ఆయన పని మీద ఆకురాయే పెట్టలేదు నేను. రంపం పెట్టనిత్తానా?"

"నలభై ఏళ్ల పని పోతుంది."

"పోద్ది. ఇప్పుడు మెట్లు మెట్లుగా ఒస్తంది. అలాగే ఎయ్యాలి. కొనుక్కునేవోళ్లు కొనుక్కుంటారు, లేపోతే లేదు." ఆమె కొంగు తీసి చెమట తుడుచుకుంది. దారం వేలికి చుట్టుకోబోయి, ఆపుకుంది. "రెండ్రోజులు ఏడిసేన్లే. నువ్వొచ్చి సూడలేదు, అంతే."

ఆటో తోలే అబ్బులు గేరు వెయ్యాలా వద్దా అన్నట్టు అద్దంలోంచి మమ్మల్ని చూస్తున్నాడు. నేను ఆటో కమ్మీ పట్టుకుని వదల్లేదు. వదిలితే వెళ్లిపోతుంది. సువార్తమ్మ పెట్టె మీద రెండు చేతులూ పెట్టుకుని, ఇవ్వమంటే ఇచ్చేద్దామన్నట్టు నా మొహమే చూస్తోంది. ఇవ్వమనడానికి నాకు నోరు రావడం లేదు. ఆ ఉక్రోషమంతా అక్క మీదికి తిరిగింది.

"నేను ఇరవై ఏళ్లు చేసిన పని అది. నీ చెయ్యి బాగుచెయ్యడానికి పగలూ రాత్రీ పడ్డాను. నన్నొక్క మాట అడక్కుండా ఎలా పంపేస్తావక్కా?"

అక్క అరుగు దిగి వచ్చింది. కమ్మీ మీద నుంచి నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది.

"నువ్వు పంపినప్పుడు నన్నడిగేవేట్రా?"